కళావతి పెట్టిన షరతు

కళావతి గురించి మా గల్లీలో ఎవరిని అడిగినా రెండు ముక్కల్లో చెప్పేస్తారు. పొట్టి మనిషి, తక్కువ మాట. నాకు మాత్రం అంత సులువుగా తెగదు. ఆమెను మూడేళ్లపాటు గల్లీలో ఉంటూనే లేనట్టు చేసింది నా నోరు. ఆమె కథ చెప్పాలంటే నా సిగ్గు కూడా చెప్పాలి. చెప్పకుండా దాటేసే ఉపాయాలు నాకు చాలా వచ్చు కాబట్టి ముందే ఆ మాట రాసి పెడుతున్నాను.

ఆమె పుట్టిల్లు సైదాబాద్. పదో తరగతి పాసయ్యాక పెళ్లయి పాతబస్తీలో మా గల్లీకి వచ్చింది. భర్త బాలరాజ్ ఉస్మాన్‌గంజ్‌లో ఒక మిర్చి దుకాణంలో కాంటా దగ్గర పని చేస్తాడు. సాయంత్రం అతను గల్లీ మలుపు తిరిగితే ముందు మిర్చి ఘాటు వస్తుంది, మనం రెండుసార్లు తుమ్మాక మనిషి వస్తాడు. పిల్లలు లేరు వాళ్లకు. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎవరి ముందూ ఎత్తలేదు. ఎత్తింది నేను. అది తరువాత చెబుతాను.

గల్లీ చివర కమ్యూనిటీ హాల్లో మా మహిళా సంఘం ఒక బాల్వాడీ నడుపుతుంది. కూలికి, ఆఫీసుల్లో ఊడ్చే పనికి పోయే తల్లులు పొద్దున తొమ్మిదికి పిల్లలను వదిలిపోతారు. ముప్పై మంది దాకా ఉంటారు. వాళ్లకు వంట కళావతి చేసేది. పప్పు వేలితో నలిపి చూసి, చుక్క మణికట్టు మీద వేసుకుని, కాలడం లేదని తెలిశాకే పిల్లల పళ్లెంలో వేసేది. తినని పిల్లను బతిమాలేది కాదు, పక్కన కూర్చుని తాను ఒక ముద్ద తినేది. కాసేపటికి ఆ పిల్ల కూడా తినేది.

ఇక నా సంగతి. చదివింది నాలుగో తరగతి. అయినా మాటలో నన్ను మించిన మనిషి ఈ చుట్టుపక్కల లేదని నలభై ఏళ్లుగా నా నమ్మకం. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇల్లు పంచుకోవాలన్నా, కోడలు అలిగి పుట్టింటికి పోయినా, ఖాయమైన సంబంధం తప్పినా, ఎవరి గోడు వాళ్లు చెప్పుకోరు. కోపంలో మాట తప్పుతుందని చెరొక పక్షం తమ తరఫున మాట్లాడే మనిషిని పిలుచుకుంటారు. అట్లా నన్ను పిలిచేవాళ్లు. “మాణిక్యమ్మను తోలుకొస్తున్నరంట” అని తెలిస్తే అవతలివాళ్లు సగం రాజీకి వచ్చేవాళ్లు. చాయ్ ఇచ్చేవాళ్లు, కుర్చీ వేసేవాళ్లు. తప్పెవరిదని నేను ఏనాడూ అడగలేదు. ముందు ఎవరు పిలిచారు, అంతే చూసేదాన్ని.

కళావతి వచ్చాక కొందరు ఆడవాళ్లు ఆమె గుమ్మం దగ్గర ఆగడం మొదలుపెట్టారు. దరఖాస్తు రాయించుకోవడానికి పోయి, పనిలో పనిగా తమ లొల్లి కూడా చెప్పుకునేవాళ్లు. ఆమె “ఏమైంది?” అని అడిగి చివరిదాకా వినేది. నాకు అది ముల్లులా గుచ్చింది. నేనూ ప్రశ్నలు అడిగేదాన్నే. ఎదుటివాళ్లు జవాబు చెప్పలేకపోతేనే నాకు తృప్తిగా ఉండేది.

మూడేళ్ల కింద బాల్వాడీకి కొత్త నల్లా కనెక్షన్ వచ్చింది. పైపు నేరుగా రావాలంటే మా ఇంటి ముందు అరుగు పగలగొట్టాలి. షాబాద్ బండల అరుగు, మా ఆయన బతికి ఉన్నప్పుడు రెండు ఆదివారాలు కూర్చుని పరిచింది. అరుగు ముట్టుకోవద్దన్నాను. పైపును మురుగు పారే మోరీలోనుంచి తిప్పి తీసుకుపొమ్మన్నాను. ప్లంబర్ ప్రేమ్‌రాజ్ తల గోక్కున్నాడు. పక్కనే బిందె పట్టుకుని నిలబడిన కళావతి అంది.

“మోరీలకెల్లి పోతే జాయింట్ వదులైనప్పుడు మురికినీళ్లు లోపలికొస్తయి, పెద్దమ్మా. పిల్లలు తాగే నీళ్లు.”

“ఏందే, మీ నాయిన ప్లంబరా? లేకుంటే పైపులు నీకు కలలకొచ్చి చెప్పినయా?” అన్నాను. “గల్లీల సగం పైపులు మోరీలకెల్లే పోతున్నయి. గిందరు సచ్చిండ్రా?”

అందరూ నవ్వారు. ప్రేమ్‌రాజ్ కూడా నవ్వాడు. పైపు మోరీలోనే పడింది.

రెండు నెలలు తిరిగాయి, వానలు పడ్డాయి. ఒక మధ్యాహ్నం బాల్వాడీ పిల్లల్లో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. ఇద్దరికి దవాఖానలో సెలైన్ ఎక్కించారు. అందరూ కోలుకున్నారు, దేవుడి దయ. మరునాడే హాల్లో తల్లుల మీటింగ్. నన్ను మాట్లాడమన్నారు, మాట్లాడాను. పావుగంటలో కళావతి వంట పని పోయింది. ఎవరో దాన్ని ఫోనులో తీసి గల్లీ గ్రూపులో పెట్టారు. తరువాత చాలారోజులు అది చూసి “ఏం మాట్లాడినవ్ అవ్వా!” అని నన్ను మెచ్చుకునేవాళ్లు.

మెచ్చుకున్నారు గనుక నేను దాని గురించి మళ్లీ ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండడానికి మెప్పు చాలా పనికొస్తుంది.

కళావతి సైదాబాద్‌లో రెండు ఇళ్లలో వంట పట్టుకుంది. రోజూ పొద్దున నడిచి పోయేది, నడిచి వచ్చేది. మా ఇంటి ముందు నుంచి పోతే దగ్గర. ఆమె వెనక గల్లీ చుట్టి పోయేది. ఆ ఏడాది బోనాలకు అందరితోపాటు ఆమె కూడా బోనం ఎత్తింది. అమ్మవారికి చూపించి ఇంటికి తెచ్చాక కుండలోని అన్నం నాలుగిళ్లకు పంచడం మా దగ్గర మామూలే. ఆమె గిన్నె పట్టుకుని నాలుగు గుమ్మాల ముందు నిలబడింది. ఒకరు ఇప్పుడే తిన్నామన్నారు, ఒకరు ఉపవాసమన్నారు. మిగతా ఇద్దరు తలుపు తీయలేదు. నేను మా అరుగు మీద కూర్చుని చూశాను. మరుసటి ఏడాది నుంచి ఆమె పంచడానికి బయటికి రాలేదు. ఆ బోనం అన్నం భార్యాభర్తలిద్దరే తిన్నారు.

ఈ ఏడాది బాల్వాడీలో ఇప్పుడున్న వంటామె మానేస్తానంది. కళావతి దరఖాస్తు పెట్టింది. నల్లా దగ్గర వెంటనే గుసగుసలు లేచాయి. “పప్పుల విషం పెట్టినామెనా?” అని. ఆ మాట నాదే, మూడేళ్ల కిందటిది. గల్లీ మొదట్లో కిరాణా కొట్టువాళ్ల సుగుణమ్మ మా సంఘానికి ప్రెసిడెంట్. అప్పుడు సెలైన్ ఎక్కించిన ఇద్దరిలో ఆమె మనవడు వరుణ్ ఒకడు. ఆమె స్వయంగా మా ఇంటికి వచ్చింది.

“ఆదివారం మీటింగ్ ఉన్నది, అక్కా. ఆమెను తీస్కోవద్దని నువ్వే మాట్లాడాలె. నువ్వు మాట్లాడితే ఇంక ఫికర్ లేదు.”

“నేనుండంగ ఫికరెందుకు?” అన్నాను. ముందు పిలిచింది సుగుణమ్మ కదా.

గురువారం నా మనవరాలు వీణ కాలేజీ నుంచి నోటుబుక్కు పట్టుకుని నా పక్కన కూర్చుంది. నా కొడుకు కూతురు, డిగ్రీ రెండో ఏడు. ఇంటర్ అంతా హాస్టల్లో చదివింది, అందుకని ఆ పాత మీటింగ్ నాటికి ఇంట్లో లేదు.

“నానమ్మా, మా మేడం ఒక పని ఇచ్చింది. మన చుట్టుపక్కల ఎవరన్న మంచిగ మాట్లాడేటోళ్ల మాటలు తీస్కొని, అండ్ల అలంకారాలేంటివి, వాక్యాలు ఏ రకం, తర్కంల దోషాలేంటివి రాయాలె. నాకు నువ్వే యాదికొచ్చినవ్.”

“రాయి బిడ్డా. మీ మేడం కూడ నేర్చుకుంటది” అన్నాను.

గల్లీ గ్రూపులో వెతికి ఆ వీడియోనే తెరిచింది. ఇద్దరం తలలు ఆనించి చూశాం. తెరలో నేను హాలు మధ్యలో నిలబడి ఉన్నాను, కొంగు నడుముకు చెక్కుకుని. “నిన్నటిదాక పిల్లలు గుండ్రాళ్ల లెక్క ఉన్నరు!” అంటున్నాను.

“ఉపమ” అంది వీణ, రాసుకుంది. “మస్తున్నది.”

“ఆకాశం చిల్లుపడ్డట్టు వాంతులు జేసిండ్రు!”

“అతిశయోక్తి. నానమ్మా, నువ్వు ఖతర్నాక్.”

నేను పొంగిపోయాను. పేర్లు తెలియకుండానే ఇవన్నీ నా నోట్లో ఉన్నాయంటే మురిసిపోనా? చాయ్ పెట్టమని కోడలికి కేక వేశాను.

తెరలో నేను చెయ్యి ఊపుతున్నాను. “ఆమె వండిన పప్పు తిన్నరు, పడ్డరు. ఇంకేం సాక్ష్యం గావాలె?”

వీణ వీడియో ఆపింది. ఎర్ర పెన్ను తీసింది. “ఇది దోషం. ఒకదాని తర్వాత ఒకటి జరిగిందని, మొదటిదాని వల్లనే రెండోది జరిగిందనుడు. ఆ రోజు పిల్లలు పప్పొక్కటే తిన్నరా? వేరే ఏం తినలే, తాగలే?”

చాయ్ ఇంకా రాలేదని వంటింటి వైపు చూశాను. వీణ వీడియో మళ్లీ నడిపించింది.

“ఆమెను ఉంచుకుంటరా, మీ పిల్లలను బతికిచ్చుకుంటరా? రెండిట్ల ఒకటి చెప్పుండ్రి!”

“రెండు దారులే ఉన్నయని భయపెట్టుడు. మూడోది ఉంటది గదా, అసలేమైందో చూసుడు.” ఎర్ర గీత గీసింది. “అడిగింది ప్రశ్న లెక్కనే ఉన్నది గని, జవాబు నువ్వే పెట్టినవ్.”

ఆ తరువాతది వచ్చింది. నా గొంతు, నా మాట, నాకే కొత్తగా వినబడింది. “కడుపు పండనిదానికి కన్నకడుపు నొప్పేం తెలుస్తది?” హాల్లో చప్పట్లు.

వీణ దానికి ఏమీ రాయలేదు. పెన్ను మూత పెట్టింది, తీసింది. “వాదన ఇడిసిపెట్టి మనిషి మీద పడుడంటరు దీన్ని. పుస్తకంల గంతే ఉన్నది.”

చప్పట్ల మధ్య తెరకు ఓ మూల కళావతి కనిపించింది. ఏదో అంటోంది. వీణ సౌండ్ పెంచి, అక్కడికే మూడుసార్లు వెనక్కి తిప్పింది. మూడోసారి తెలిసింది. “ఒక్కసారి నీళ్లు చూడుండ్రి. నీళ్లు వాసనొస్తున్నయి.”

“ఎవ్వరు చూడలేదా, నానమ్మా? నువ్వు గూడ ఇనలేదా?”

విన్నాను. నాకు మూడడుగుల దూరంలో ఉంది ఆమె. అంతకంటే ముందే నాకు తెలుసు. పిల్లలు పడిన రోజు పొద్దున బాల్వాడీ నల్లాలో నేనూ ఒక బకెట్ పట్టుకున్నాను. మూత తీయగానే మోరీ వాసన. మోరీలోనే పారబోసి, ఆ రోజుకు కొన్న క్యాన్ నీళ్లు తాగాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే పైపు మాట వస్తుంది, పైపు మాట వస్తే అరుగు మాట వస్తుంది. వారం తిరక్కముందే ప్రేమ్‌రాజ్‌ను పిలిచి, నీళ్లు సన్నగా వస్తున్నాయని సాకు చెప్పి, అరుగు అంచు తవ్వించి పైపు ఇటు మళ్లించాను. మళ్లీ ఏ పిల్లకూ రోగం రాలేదు. “ఆమె పోయినంక పిల్లలు ఎంత మంచిగున్నరో చూడు” అని గల్లీ అంతా అంది. నేను తల ఊపాను.

ఇదంతా వీణకు చెప్పాను. ఎందుకు చెప్పానో నాకు తెలియదు. ఆమె నోటుబుక్కు మూసింది.

“తెల్వక చెప్తే తర్కదోషం” అంది. “తెల్సి చెప్తే దాన్నేమంటరో మాకింక చెప్పలే.” లేచి లోపలికి పోయింది. చాయ్ నా ముందు చల్లారింది.

శుక్రవారం సాయంత్రం కళావతి ఇంటికి పోయాను. ఆమె గడప ఎక్కడం అదే మొదటిసారి. చింతపండు పిసుకుతోంది. పీట చూపించింది, కూర్చోమని మాత్రం అనలేదు. నేను దారంతా మాటలు కూర్చుకుని వచ్చాను.

“నేనేమన్న కావాలని చేసిన్నా కళావతీ? నా నోరు సంగతి నీకు తెల్వదా? ఆనాడు గల్లీ గల్లీ అంతా మంటల మీదుండె. నేను కాకుంటే ఇంకొకరు అనకపోదురా?”

ఆమె చెయ్యి ఆపింది. “పెద్దమ్మా, నువ్వు నన్ను అడుగుతున్నవా, నాకు చెప్తున్నవా?”

ఆమె మళ్లీ పిసకడం మొదలుపెట్టింది. బాలరాజ్ లోపలి గదిలో తుమ్మాడు, బయటికి రాలేదు.

“పైపు మోరీలకెల్లి నేనే ఏపిచ్చిన” అన్నాను చివరికి. “ఆ రోజు నీళ్లు వాసనొచ్చినయి. నాకు తెల్సు.”

“నువ్వు బకెట్ పారబోసుడు నేను సూసిన” అంది ఆమె. “మూడేండ్ల కిందనే. ఎందుకో పిల్లలు పడ్డంకనే సమజైంది.”

“మరి అప్పుడే అనకపోతివి?”

“అన్న. నీళ్లు చూడమన్న. నీ పేరు తీస్తే నువ్వు మళ్లేమంటవో అని బుగులైంది. అన్నదే సాలు నాకు.” చెయ్యి కడుక్కుంది. “నాకు చెప్పుడు గాదు, పెద్దమ్మా. ఎక్కడన్నవో అక్కడ చెప్పు.”

ఆదివారం హాలు నిండింది. కళావతి వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంది. వీణ తలుపు దగ్గర నిలబడింది. సుగుణమ్మ నన్ను ముందుకు పిలిచింది. నేను లేవగానే నాలుగైదు ఫోన్లు పైకి లేచాయి. నేను మాట్లాడితే వినడానికి జనం ఇంకా ఉన్నారు. ఆ సంతోషం ఆ క్షణంలో కూడా ఒంట్లోకి పాకింది, ఏం దాచను.

“అమ్మలారా, ఈ నోరున్నదే, ఇది తాళం లేని దుకాణం లెక్క...” అని మొదలుపెట్టాను. నవ్వారు. ఆ నవ్వు విని నాకు భయం వేసింది. ఇంకో రెండు మాటలు అట్లాగే పోతే నా తప్పును కూడా తమాషా చేసి, మెప్పు కొట్టేసి కూర్చుంటాను. ఆగాను.

“పైపు మోరీలకెల్లి ఏపిచ్చింది నేను. నా అరుగు పలగొట్టొద్దని. పిల్లలు పడ్డనాడు నీళ్లు వాసనొచ్చినయి. నాకు తెల్సు. నేను చెప్పలే. కళావతి మీద ఏసిన. పప్పుల ఏం లేకుండె.”

ఇంత చిన్న మాటలు నేను జీవితంలో మాట్లాడలేదు. కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు.

సుగుణమ్మ మెల్లగా అంది. “మా వరుణ్ గాడు సెలైన్ మీద ఉన్నప్పుడు నువ్వు కొబ్బరినీళ్లు పట్టుకొని దవఖానకొచ్చినవ్, అక్కా. నా చెయ్యి పట్టుకొని ఏడ్చినవ్.”

ఏడ్చిన మాట నిజమే. ఆ ఏడుపు భయంతో వచ్చిందని ఆమెకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది. నా ముఖం నుంచి చూపు తిప్పుకుంది.

వెనక నుంచి ఎవరో అన్నారు. “పోనీ తియ్యి, పెద్దమనిషి తనంతల తానే ఒప్పుకున్నది. గంత పెద్ద మనసు ఎవరికుంటది?” ఇంకెవరో చప్పట్లు కొట్టారు. నలుగురు అందుకున్నారు. నాకు, ఆ రోజు కూడా నాకే చప్పట్లు! నేల చీలితే బాగుండుననిపించింది.

కళావతి లేచి నిలబడింది.

“చప్పట్లు బంద్ జేయుండ్రి” అంది. గొంతు పెంచలేదు. “నన్ను వంటకు తీస్కుంటరా, తీస్కోరా?”

నిజంగా జవాబు కోసమే అడిగింది కాబట్టి ఎవరూ తప్పించుకోలేకపోయారు. ఒక చెయ్యి లేచింది, తరువాత మూడు. మెల్లమెల్లగా హాలంతా లేచాయి. సుగుణమ్మ చెయ్యి ఆఖరున లేచింది. నేను కూడా ఎత్తాను.

“నువ్వు దించక్కా” అంది సుగుణమ్మ. “నీది వద్దు.”

దించాను.

“నాకొక షరతున్నది” అంది కళావతి. “రోజు పొయ్యి ముట్టియ్యకముందు, ఆ నల్లా నీళ్లు మొదటి గ్లాసు పెద్దమ్మ తాగాలె. నా ముందట. ఆమె తాగినంకనే నేను ఎసరు పెడ్త.”

ఎవరూ నవ్వలేదు. నాకు జవాబులు నాలుగు అప్పటికే నాలుక మీదికి వచ్చేశాయి. ముసలిదాన్ననేది ఒకటి, నేనేమన్నా పరీక్ష ఎలకనా అనేది ఒకటి, అన్నీ హాలును నవ్వించేవే. వీణ నన్నే చూస్తోంది.

“సరే” అన్నాను.

సోమవారం తొమ్మిదికి బాల్వాడీకి పోయాను. తల్లులు పిల్లలను వదులుతూ, పనికి పోకుండా తలుపు దగ్గరే ఆగి చూస్తున్నారు. కళావతి నల్లా తిప్పి స్టీలు గ్లాసు నింపి నా చేతికి ఇచ్చింది. నిలబడే తాగాను. అంత మంది చూస్తుంటే గ్లాసు నీళ్లు తాగడానికి ఎంతసేపు పడుతుందో ఆ రోజు తెలిసింది. ముక్కుకారే ఒక పిల్ల నా కొంగు లాగింది.

“అవ్వా, దూపైందా?”

“అవు బిడ్డా, దూపైంది” అనేశాను. దాహం వేసిందన్న అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో! కళావతి గ్లాసు కోసం చాచిన చెయ్యి అట్లాగే ఉంచి నన్ను చూసింది. తల్లులు వింటున్నారు.

“దూప కాదు” అన్నాను ఆ పిల్లతో. “ఒకసారి నేను చేసిన పనికి ఈడి పిల్లలకు రోగమొచ్చింది. అందుకే ముందు నేను తాగుతున్న.”

పిల్ల నన్ను కిందినుంచి పైదాకా చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

“రోగం మళ్లొస్తదా?” అని కళావతిని అడిగింది.

“రాదు. పోయి కూసో” అంది కళావతి. నా చేతిలోని గ్లాసు తీసుకుని కడిగి బోర్లించి, పొయ్యి ముట్టించింది.